ఎడమకు తెరుచుకునే పెట్టె

కత్తెరతో, జిగురుతో, పాత డ్రాయింగ్ అట్టలతో బుజ్జి చేసిన ఉత్తుత్తి సిగరెట్ పెట్టె బడి ఎదురు కొట్టులో అమ్మకానికి ఉంది.

ఒకటి కాదు. గాజు బల్ల మీద గోడ కట్టినట్టు పేర్చి ఉన్నాయి. చాక్లెట్ సీసాల పక్కనే, ఏడో క్లాసు పిల్లాడి కళ్లకు సరిగ్గా ఎదురొచ్చే ఎత్తులో.

లాయరు కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. పెట్టెలు మాయం కాలేదు.

"ఏం కావాలమ్మా?" అన్నాడు కొట్టు యజమాని.

"ఆ నీలం పెట్టె."

"మీకా?" ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "మీ వయసువాళ్లు దాన్ని అడగడం ఇదే మొదలు. నిన్న దింపారు సరుకు, ఇవాళ్టికి సగం ఖాళీ. అంతా చిన్నపిల్లల బేరమే."

"పిల్లలకి అమ్ముతున్నారా?"

"రామ రామ, నేనెందుకు అమ్ముతానమ్మా? 'మా నాన్నకి' అంటారు, ఇస్తాను. ఊళ్లో ఇంతమంది నాన్నలకి ఒక్క రోజులో పిప్పరమెంటు వాసన మీద మనసెందుకు పుట్టిందో, అది నన్నడిగితే నేనేం చెప్పను?" తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు.

ఆమె నవ్వలేదు. పెట్టెను కుడికి లాగింది. కదల్లేదు. పైకి నెట్టింది. ఊహూఁ. గోటితో అంచు పట్టుకుని గీరింది. గోరు విరిగింది తప్ప పెట్టె తెరుచుకోలేదు.

"నాకూ రెండు గోళ్లు పోయాయిలెండి. కంపెనీ కుర్రాడు వచ్చి చూపిస్తే గానీ నా బుర్రకి ఎక్కలేదు. ఇలా ఇవ్వండి. ముందు కింద మూల నొక్కాలి, బొటనవేలితో, మెత్తగా. అప్పుడు ఎడమకి. చూశారా?"

టిక్.

లోపలి అర ఎడమకు జారింది. మూత లోపలి వైపు అద్దంలా మెరిసే రేకు. అందులో లాయరుకు తన కన్ను ఒకటి కనబడింది.

"భలే ఉంది కదూ? కాల్చనివాడు కూడా దీన్ని జేబులో పెట్టుకుని టిక్కు టిక్కుమనిపిస్తూ తిరుగుతున్నాడు. ఆ చప్పుడు కోసమే కొంటున్నారంటే నమ్మండి."

పెట్టె మీద బంగారు రంగు అక్షరాల్లో ఒకే ఒక్క మాట ఉంది. 'పెద్దలకు మాత్రమే.'

ఆ పెట్టె ఎక్కడ పుట్టిందో ఈ కథ వెంట నడుస్తున్నవాళ్లకు తెలుసు. నడవనివాళ్లకు నాలుగు ముక్కలు. పిల్లలు పొగ జోలికి పోకుండా కొత్త చట్టం రాసే పని ఈ లాయరుది. పాత చట్టం పెద్దల బుర్రతో రాసింది. ముసలితనంలో వచ్చే జబ్బు బొమ్మ చూపించి పదిహేనేళ్లవాణ్ణి బెదిరించబోయింది. వాడు బెదరలేదు. ఆ వయసులో చావంటే భయం ఉండదు, తోటివాళ్ల ముందు చిన్నపిల్లాడిలా కనబడటమంటేనే భయం. ఈ సంగతి ఆమెకు నూరిపోసింది స్వయానా అక్క మొగుడు, ఎదిగే పిల్లల మనసులకు వైద్యం చేసే డాక్టరు. తండ్రి లేని మరదలికి సైకిలు నేర్పినవాడూ, 'నీ నోటికి లాయరు పనే నయం' అని లా కాలేజీలో చేర్పించినవాడూ ఆయనే.

ఆయన తన ఇంటి ముందు గదిలో పిల్లల్ని పోగేసి, చేతికి కత్తెరలిచ్చాడు. "మీ ఈడువాళ్లు కొనకుండా ఉండలేని సిగరెట్ పెట్టె చేసి చూపించండి" అన్నాడు. వాళ్లు దేనికి లొంగుతారో వాళ్ల చేతే చెప్పించి, చట్టంలో ఒక్కొక్కటిగా వాటినే నిషేధించాలని ఎత్తు. పిల్లలకు ఒక మాట కూడా ఇచ్చాడు. ఈ గదిలో చేసింది ఈ గది దాటదు. అందరిలోకీ మంచి పెట్టె చేసింది ఆయన కూతురు బుజ్జి.

పోయిన వారం ఏమైందంటే, ముసాయిదాలోంచి ఆ నిషేధాల భాగం మొత్తం ఎగిరిపోయింది. దాని స్థానంలో 'సిగరెట్‌తో పట్టుబడ్డ పిల్లలకు జరిమానా' అన్న ముక్క వచ్చి కూర్చుంది. "నిపుణుల సలహా" అన్నారు సభా సంఘం ఛైర్మన్. ఏ నిపుణులో చెప్పలేదు. లోపలి గుట్టు బయటికి చేరవేసింది తన జూనియరేనని లాయరు తేల్చేసింది, ఆఫీసులో అందరి ముందూ బయటికి పొమ్మంది. "మేడమ్, మీరు తప్పు తలుపు కొడుతున్నారు" అని మాత్రం అని ఆ పిల్ల సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఓటింగు రేపు పొద్దున. దానికి ముందు బావ సాక్ష్యం. ఆయన మాట మీదే పోయిన భాగం తిరిగి వస్తుంది, లేదా ఎప్పటికీ పోతుంది.

*

బడి గేటు పక్కన బుజ్జి ఒంటరిగా నిలబడి ఉంది. పదహారేళ్ల పిల్ల. మధ్యాహ్నం ఫోన్ చేసి 'పిన్నీ, ఒక్కసారి మా బడి ఎదురు కొట్టు చూసి రా, నేనేం చెప్పను, నువ్వే చూడు' అన్నది ఈ పిల్లే.

"చూశావా?"

"చూశాను."

"నాదే కదా పిన్నీ?"

"రంగు వేరు కదే. నువ్వు చేసింది తెల్లది."

"రంగుదేముంది? తెరిచి చూడు. ఎడమకి తెరుచుకుంటుంది." బుజ్జి తన ఎడమ చెయ్యి ఎత్తి చూపించింది. అన్నం తప్ప అన్నీ ఆ చేత్తోనే. "నా చేతివాటం వల్ల తప్పు కోసేశాను ఆ రోజు. మీరంతా తెరవలేక తంటాలు పడితే నవ్వాను, గుర్తుందా? ఏ కంపెనీవాడైనా కావాలని ఎడమకి పెట్టుకుంటాడా? వాడి దగ్గర నా పెట్టే ఉండాలి. ఫోటో కాదు, ఎవరో చెబితే విన్నదీ కాదు. నా పెట్టె."

పిల్లకి లాయరు బుర్ర వచ్చిందనిపించింది పిన్నికి. ఇంకో రోజైతే ముద్దు పెట్టుకునేది.

"నువ్వు కొన్నావా?"

"లేదు. మా క్లాసువాళ్లు తెచ్చారు. వెనక బెంచీలో అందరూ చేతులు మార్చుకుంటూ 'భలే ఉందిరా, భలే ఉందిరా' అంటుంటే..." ఆగింది.

"అంటుంటే?"

"గర్వంగా అనిపించింది పిన్నీ. ఒట్టు. ముందు గర్వమే అనిపించింది. 'ఇది నేను చేశాను' అని చెప్పబోయాను కూడా. అప్పుడు నా పక్కన కూర్చునే పిల్ల ఒకటి తీసి నోట్లో పెట్టుకుంది. దానికి ఆస్తమా." బుజ్జి రోడ్డవతల కొట్టు వంక చూసింది. "నాన్న మాటిచ్చాడు కదా, గది దాటదని. నాన్నకి తెలిస్తే గుండె పగిలిపోతుంది. ఎవడో మా నాన్నని మోసం చేశాడు పిన్నీ."

"పద" అంది లాయరు. "వాడెవడో మీ నాన్నే పట్టిస్తాడు."

దారిపొడుగునా ఆమె ఆ మాట నమ్మింది. జూనియరు మొహం కళ్లముందు మెదిలిన ప్రతిసారీ కోపంతో పళ్లు కొరుకుతూ నమ్మింది.

*

బావ ముందు గదిలోనే ఉన్నాడు. పిల్లలు కూర్చునే పొట్టి కుర్చీలు గోడవారగా పేర్చి ఉన్నాయి. గోడ మీద వాళ్లు ఓటు వేసి ఎంచిన హెచ్చరిక, పెద్ద కాగితం మీద రంగు పెన్నులతో రాసినది, ఇంకా అలాగే అంటించి ఉంది. 'నీ వయసువాణ్ణి బుట్టలో వేయడానికే దీన్ని ఇలా తయారుచేశాం. ఇట్లు, కంపెనీ.' ప్రతి పెట్టె మీదా కంపెనీ చేతే ఆ మాట అచ్చు వేయించాలన్నది పోయిన భాగంలో మొదటి నిబంధన. పిల్లలు జబ్బుకి భయపడరు గానీ తమని వెధవల్ని చేశారంటే మాత్రం ఊరుకోరు. ఇదీ బావ చెప్పిన పాఠమే.

"రా లాయరూ, రా! రేపటి యుద్ధానికి కత్తులు నూరావా?"

"కత్తి మనింట్లోనే పోయింది బావా."

"మీ అక్క డ్యూటీకి వెళ్లింది. లేకపోతే కత్తులు, గరిటెలు అన్నీ లెక్క చెప్పేది." నవ్వాడు. కూతురి మొహం చూసి ఆగాడు. "ఏమైందమ్మా?"

"బుజ్జీ, నువ్వు వెళ్లి మొహం కడుక్కో. మాకు టీ పెట్టు" అంది లాయరు. పిల్ల లోపలికి వెళ్లాక సంచిలోంచి నీలం పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. "నీ కూతురు చేసిన పెట్టె. బడి ఎదురుగా కొట్లో అమ్ముతున్నారు. నిన్నే దిగింది."

ఆయన పెట్టె వంక చూశాడు.

"దుర్మార్గులు" అన్నాడు. "ఎంతకి తెగించారు! నీకు ముందే చెప్పాను, ఆ జూనియరు పిల్ల చూపులో నిలకడ లేదని. మెత్తగా ఉండేవాళ్లనే నమ్మకూడదు."

"ఇది నువ్వింతకు ముందు చూడలేదా?"

"ఎక్కడ చూస్తాను? నేను ఆ కొట్ల మొహం చూసేవాణ్ణేనా? ఇదే చూడటం." పెట్టె చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. వీధిలోకి చూస్తూ మాట్లాడసాగాడు. "అయినా కంగారు పడకు. ఒకందుకు మంచిదే అయింది. రేపు సభలో దీన్నే తీసి బల్ల మీద పెడతాను. అయ్యా, చూడండి, పిల్లల్ని ఎలా పడుతున్నారో అని..."

టిక్.

ఆయన మాట ఆగలేదు. కళ్లు వీధిలోనే ఉన్నాయి. బొటనవేలు మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. మూల నొక్కింది, ఎడమకు జరిపింది, మూసింది.

"...ఛైర్మన్ కూడా ఇద్దరు పిల్లల తండ్రే. ఆయన కళ్లు తెరుచుకోవా?"

టిక్.

లాయరు ఆయన చేతి వంక చూసింది. ఆ చప్పుడు ఆమెకు కొత్త కాదు. ఎండలు తగ్గినప్పటినుంచీ బావతో ఫోన్లో మాట్లాడిన ప్రతిసారీ వెనకనుంచి వినబడుతూనే ఉంది. ముసాయిదా చదివి వినిపిస్తుంటే టిక్. ఏ నిబంధన గట్టిది, ఏది నిలవదు అని అడుగుతుంటే టిక్. పెన్ను నొక్కుకుంటున్నాడనుకుంది. ఒకసారి 'బావా, ఆ పెన్ను అవతల పారెయ్' అని తిట్టింది కూడా. ఆయన గట్టిగా నవ్వాడు.

"బావా."

"ఊఁ?"

"ఇంకోసారి తెరువు."

"ఏంటి?"

"పెట్టె. చూడకుండా తెరిచావు. ఇంకోసారి తెరువు."

ఆయన తన చేతి వంక చూసుకున్నాడు. వేరేవాళ్ల చెయ్యి ఎవరో తెచ్చి తన మణికట్టుకి తగిలించినట్టు చూశాడు.

"బుజ్జి చేసినప్పుడు చూశాను కదే. ఎడమకి తెరుచుకుంటుందని తెలియదా నాకు?"

"నేనడిగేది ఎడమ సంగతి కాదు. మూల సంగతి. కాగితం పెట్టెకి నొక్కే మూల ఎక్కడిది? తెరిస్తే చప్పుడు రావాలని పిల్లలు ముచ్చటపడ్డారు. అట్టముక్కతో రాలేదు. అందరూ కలిసి నోటితో 'టిక్' అన్నారు. ఆ రోజు ఈ గదిలో నువ్వూ నేనూ కడుపు పట్టుకుని నవ్వాం. ఆ మీట ఫ్యాక్టరీలో పుట్టింది బావా. కొట్టు యజమానికి రెండు గోళ్లు విరిగాయి. నాకు ఒకటి." విరిగిన గోరు చూపించింది. "నీకు ఒక్కటీ విరగలేదు."

ఆయన పెట్టెను కిటికీ అంచు మీద పెట్టాడు. ఖాళీ అయిన చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. జేబులో ఏం దొరికిందో గానీ, నిప్పు ముట్టుకున్నట్టు వెనక్కి వచ్చేసింది.

"అబద్ధమైనా చెప్పు" అంది ఆమె. "నీకు చేతనైన అబద్ధం ఒకటి చెప్పు. నమ్మడానికి ప్రయత్నిస్తాను."

"కూర్చో ముందు."

"నిలబడే వింటాను. జరిమానా ముక్క చొప్పించిన నిపుణుడు ఎవరు?"

ఆయన కిటికీ తలుపు దగ్గరికి లాగాడు.

"సిగరెట్‌తో దొరికినవాడికి జరిమానా వేస్తే వాడు క్లాసులో హీరో అయి కూర్చుంటాడు, శిక్ష పడాల్సింది అమ్మినవాడికి అని నాకు పాఠం చెప్పిందెవరు?"

"నేనే."

"'పెద్దలకు మాత్రమే' అన్న మాట పిల్లాడి చెవిలో 'ఇలా రారా' అన్నట్టే వినబడుతుందని, పొరపాటున కూడా ఆ మాట వాడొద్దని చెప్పిందెవరు?"

"నేనే."

"మరి?"

"అందుకే అది వాళ్లకి కావాలి" అన్నాడు ఆయన, మెల్లగా, తరగతిలో పాఠం చెప్పినట్టు. "జరిమానా చూసి సభ్యులు కఠినమైన చట్టం చేశామని చంకలు గుద్దుకుంటారు. కంపెనీ లోలోపల చంకలు గుద్దుకుంటుంది. ఇద్దరికీ ఒకే వాక్యం పనికొస్తుంది."

ఆమె గోడ పట్టుకుంది. చేతికింద పిల్లల కాగితం నలిగింది.

"తడిగుడ్డతో గొంతులు కోశావు కదా బావా! మేం కాపలా పెట్టుకుంది నిన్ను. తాళం చేతికిచ్చి మరీ పెట్టుకున్నాం. నిబంధన ఒక్కొక్కటీ ఫోన్లో నీకు చదివి వినిపించాను. నువ్వు వింటూ, వాళ్ల పెట్టె చేతిలో పెట్టుకుని ఆడుకుంటూ... ఏ పాపం తెలియని ఆడపిల్లని నా నోటితో వీధిలోకి గెంటించావు. నేను గెంటేస్తున్నానని నీకు ఆ సాయంత్రమే తెలుసు. 'మంచి పని చేశావు' అన్నావు!"

"అన్నాను."

"నేనే, నేనే, అన్నాను. ఇంకో మాట రాదా నీకు? ఎందుకు చేశావు?"

లోపలి గది గుమ్మంలో గిన్నె నేల మీద పడ్డ చప్పుడైంది.

బుజ్జి. మొహం కడుక్కున్న తడి ఇంకా ఆరలేదు. టీ గిన్నె కాళ్ల దగ్గర దొర్లుతోంది, ఆ పిల్ల దాని వంక చూడటం లేదు. ఎప్పటినుంచి అక్కడుందో అడగాల్సిన పని లేదు.

"గదిలోది గది దాటదన్నావు నాన్నా" అంది.

అంతవరకూ మరదలి ముందు నిటారుగా నిలబడ్డ మనిషి, కూతురి ముందు నిలబడలేకపోయాడు. పిల్లల పొట్టి కుర్చీ ఒకటి లాక్కుని అందులో కూలబడ్డాడు. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. పెద్దమనిషి ఎవరైనా ఆ కుర్చీలో నవ్వులాటగానే కనబడతాడు. ఎవరూ నవ్వలేదు.

"దాటించింది నేనే" అన్నాడు. "ఎవరూ దొంగిలించలేదమ్మా. అలమారా తాళం నేనే తీశాను. కాగితం సంచిలో పెట్టుకుని, నలక్కుండా ఒళ్లో పెట్టుకుని మరీ తీసుకెళ్లాను. డబ్బు కోసం అనుకుంటారేమో, కాదు. ఇస్తానన్నారు, తీసుకోలేదు. తీసుకుని ఉంటే బాగుండేది, చెప్పుకోడానికి ఒక కారణమైనా ఉండేది. ఏళ్ల తరబడి చెప్పాను అందరికీ. పిల్లలు ఇలా ఆలోచిస్తారు, చట్టం ఇలా ఉండాలి అని ఎక్కని మెట్టు లేదు. సభల్లో నేను లేస్తే టీకి లేచేవాళ్లు. మీ పిన్ని ఒక్కతే వింది, అది కూడా నేను ఇంటివాణ్ణి కాబట్టి. అప్పుడు కంపెనీవాళ్లు పిలిచారు. సలహాకే అన్నారు. పొడుగాటి బల్ల చివర, పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. నేను మాట్లాడుతుంటే ఒక్కడు కదల్లేదు. ప్రతి మాటా రాసుకున్నారు. మళ్లీ రమ్మన్నారు. 'డాక్టరుగారూ, ఇక మీరు మాలో ఒకరు' అన్నారు. ఆ మాట పదిహేనేళ్ల పిల్లాణ్ణి ఏం చేస్తుందో నేను పుస్తకాలు రాశాను. నన్ను కూడా అదే చేసింది. మొదటిసారి మాటలే ఇచ్చాను. రెండోసారి సలహా. మూడోసారి పెట్టె. రేపు సభలో జరిమానాయే మేలని చెబుతానని కూడా ఒప్పుకున్నాను."

ఆయన తలెత్తి కూతురి ఎడమ చేతి వంక చూశాడు.

"వాళ్ల ఇంజనీరు ఒకటి అడిగాడమ్మా. లోకంలో ఎక్కువమందిది కుడిచేతివాటమే కదా, కుడికి మార్చేద్దామా అని. నేను ఒప్పుకోలేదు. పట్టుబట్టి ఎడమకే ఉంచమన్నాను. మిగతావన్నీ మీకిచ్చేశాను, ఇదొక్కటి మాత్రం ముట్టుకోకండి, ఇది మా అమ్మాయి చేతి గుర్తు అన్నాను."